గొర్రెపిల్లల్ని చూడటానికే వెళ్ళాం

మార్చి 8, 1996. శుక్రవారం. దోహా

లలితమ్మ ఈ రోజు నన్ను ‘మామయ్యా’ అంది!

రెండేళ్ళుగా బాబాయ్, బాబాయ్ అని పిలిచిన పిల్ల. కింది ఫ్లాటులోంచి పెరుగు గిన్నె పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే — "మామయ్యా, వసు డ్యూటీ నుంచి వచ్చిందా?" నాకు ఒళ్ళు ఝల్లుమంది. పిలుపు ఎందుకు మారిందో నాకు తెలుసు. ఆమె తమ్ముడు ప్రభాకర్, ఇంగ్లండులో డాక్టరు. భార్య జబ్బుచేసి పోయి నాలుగేళ్ళయింది. ఆ సంగతి పోయిన వారమే మెట్ల మీద నిలబెట్టి నా చెవిన వేసింది. మరి నేను బాబాయినైతే నా కూతురు అతనికి చెల్లెలైపోదూ! అందుకని వరస ముందే సర్దేసింది, తెలివిగల తల్లి.

నా కూతురు అంతకంటే తెలివిగలది. వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"అక్కా, మా నాన్న నీకు మామయ్య ఎప్పట్నుంచి అయ్యాడు?"

"గట్లనే నోట్లకెళ్లి వచ్చింది వసూ..."

"ఊరికే రాదులే. ఎవరు? ఏం చేస్తాడు? ఎంత పొడుగు అమ్మాయి కావాలంట?"

"మామయ్యా, ఇగ నువ్వే చెప్పు" అని లలితమ్మ గిన్నె నా చేతిలో పెట్టి మెట్లు దిగేసింది.

నేను చెప్పలేదు. పెరుగు మాత్రం గడ్డలా తోడుకుంది. చల్లగా ఉండాలి ఆ పిల్ల.

మార్చి 9

వసు మాట్లాడలేదు. సాంబారు మాత్రం వడ్డించింది.

మార్చి 12

మాట్లాడింది!

కారణం ఫొటోలు. లలితమ్మ ఏటా ఈ రోజుల్లో తమ్ముడి దగ్గరికి వెళ్ళి వారం ఉండి వస్తుంది. ఈసారి మమ్మల్నీ రమ్మంటోంది. వేల్స్ సరిహద్దు పక్కన ఏదో పల్లెటూరు. నిన్న ఆ ఆల్బం పైకి తెచ్చి మర్చిపోయినట్టు సోఫాలో వదిలేసింది. డ్యూటీ నుంచి వచ్చి వసు చూసింది. పచ్చిక... ఎటు చూసినా పచ్చిక. పుట్టి రెండు రోజులు కాని గొర్రెపిల్లలకి వాన తగలకుండా ప్లాస్టిక్ కోట్లు తొడిగారు! వసు నవ్వింది. ఆస్పత్రిలో రోజంతా మందుల అల్మరాల మధ్య తిరిగి వచ్చిన పిల్ల, ముప్పై నాలుగేళ్ళది, చిన్నపిల్లలాగా నవ్వింది.

"గొర్రెపిల్లల్ని చూడటానికైతే వస్తా. పెళ్ళిచూపులకైతే రాను. నాన్నా, అక్కడ నీ నోట్లోంచి పెళ్ళి అనే మాట వచ్చిందా — మర్నాటి రైలుకే వెనక్కి వచ్చేస్తా."

ఒట్టు వేశాను. ముప్పయ్యేళ్ళు బస్సులో రైట్ రైట్ అని అరిచిన గొంతు నాది. వారం రోజులు మూసుకోవాలి. మూసుకుంటా! దేనికైనా మూసుకుంటా.

దాన్ని తప్పు పట్టలేను. ఆ ఆఖరి సంబంధం వాళ్ళు దాన్ని తలుపు పక్కన నిలబెట్టి ఎత్తు చూశారు. అబ్బాయి తల్లి లేచి పక్కన నిలబడి కొలుచుకుంది. ఆ సాయంత్రం వసు అంది — ఇంక ఎవరి ముందూ ట్రే పట్టుకుని నిలబడను. నిలబడలేదు. ఏళ్ళు గడిచాయి. నేను పోయాక ఇంత దేశంకాని దేశంలో దానికి ‘తిన్నావా’ అని అడిగే మనిషి ఉండాలి. నాకింకేమీ వద్దు. ఈ ఒక్కటే.

మార్చి 20. ఉగాది

పచ్చడిలో పులుపు ఎక్కువైంది. పంచాంగం చదవబోతే వసు లాక్కుంది. "నా రాశి దగ్గరే గంటసేపు ఆగుతావు నువ్వు."

ఏప్రిల్ 2

వీసాలు వచ్చాయి. ఈ నేల పుణ్యం. నా కూతురికి ఉద్యోగం ఇచ్చింది, నన్ను రానిచ్చింది, ఇప్పుడు ఇంకో దేశం దాకా సాగనంపుతోంది. మనూళ్ళో అక్కయ్యకి ఫోన్ చేసి ఇంగ్లండు వెళ్తున్నాం అన్నాను. "ఎండలు జాగ్రత్త" అంది. ఆమె లెక్కలో విమానం ఎక్కితే అంతా దుబాయే.

ఏప్రిల్ 11

సామాను సర్దుకోవడం. గోంగూర, కందిపొడి, ఇడ్లీరవ్వ. స్వామివారి ఫొటో తువ్వాలులో చుట్టి నా సంచిలోనే. వసు చెప్పుల జత తీసి మళ్ళీ వేరే జత పెట్టింది. నీలం చీర ఒకటి పెట్టింది. గొర్రెపిల్లలకి నీలం ఇష్టమేమో! అనలేదు. నోరు మూసుకున్నాను.

ఏప్రిల్ 13

వచ్చేశాం. విమానం, రైలు, ఆ పైన ప్రభాకర్ కారు. స్టేషన్లో అతన్ని మొదటిసారి చూశాను. సన్నగా, కళ్ళజోడు, జుట్టు కాస్త పలచబడింది. మంచి మొహం. నా సంచి అందుకున్నాడు. నన్ను ఏమని పిలవాలో తెలియక ఏమీ పిలవడం లేదు పాపం. అక్క ఏదో చెప్పి ఉంటుంది, నోరు తిరగడం లేదు.

దారి పొడుగునా చూస్తూనే ఉన్నాను. ఇంత పచ్చ ఉంటుందా లోకంలో? మా వసు కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. దోహాలో మూడు చెట్లు వరసగా కనబడితే పార్కు అంటాం. ఇక్కడ కొండ మొత్తం పార్కే.

రాతి ఇల్లు. హాల్లో కూర్చున్నాం. లలితమ్మ నాకు సైగ చేసింది — వంటింటి వైపు. వసు కూడా చూసింది ఆ సైగ, మొహం ముడుచుకుంది. ఇంతలో ప్రభాకరే వచ్చాడు. తనే ట్రే పట్టుకుని! కప్పులు గలగలమంటున్నాయి. సగం టీ సాసర్లలోనే ఉంది. "చక్కెర మరిచిపోయిన" అని మళ్ళీ లోపలికి పరుగు.

నేను దిండు అంచు కొరుక్కున్నాను, నవ్వు బయటికి రాకుండా. వసు కిటికీ వైపు తిరిగింది. కానీ భుజాలు కదిలాయి. చూశాను.

ఏప్రిల్ 14. ఆదివారం

ఈ దేశానికి చేతులెత్తి మొక్కాలి.

పొద్దున నడక. ప్రభాకర్ ముందు, వెనక మేము. ఒక రైతు పొలంలోకి గేటు తీసుకుని వెళ్ళిపోతున్నాడు! నేను ఆగిపోయాను. "అడిగావా బాబూ వాళ్ళని?" "అడుగుడు అక్కర్లేదండి. గీ దారి అందరిది. పొలం ఆయనదే, నడక మనది." ఎప్పట్నుంచో అంతేనట. గేటు మాత్రం వెనకాల వేసెయ్యాలి, గొర్రెలు పోకుండా.

మనూళ్ళో జానెడు గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కి ముసలాళ్ళయ్యారు. ఇక్కడ ముక్కూమొహం తెలియని మనిషి పొలం మధ్యలోంచి మేం వెళ్తుంటే ఆ రైతు చెయ్యి ఊపాడు. నాకు కళ్ళు తిరిగాయి సంతోషంతో. ప్రతి గేటూ నేనే వేశాను. నా ఉద్యోగం మళ్ళీ వచ్చినట్టయింది. అందరూ దాటాక గట్టిగా గడియపెట్టి — రైట్!

ప్రభాకర్ ఒక్కసారి వెనక్కి తిరిగి నవ్వాడు. మనిషి పలచగా ఉన్నా పళ్ళ వరస బాగుంది.

గొర్రెపిల్లలు... రాయలేను. ఆ నల్ల మోకాళ్ళు, ఆ గెంతులు. రైతు వసు చేతికి పాలసీసా ఇచ్చాడు. తల్లిలేని పిల్ల ఒకటి సీసాకి తగులుకుని తోక తిప్పుతోంది. వసు బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది. మా ఆవిడ రాజ్యం ఉండి చూడాల్సింది ఇది. దాని తల్లి చూడాల్సింది.

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది మాత్రం గొర్రెల గురించే. ఎన్ని పిల్లల్ని పెడుతుంది, పాలు ఎప్పుడు మాన్పిస్తారు. లలితమ్మ నా చెవిలో — "గిట్లయితే అయినట్టే మామయ్యా." నేను కళ్ళతోనే కసిరాను.

ఏప్రిల్ 15

అయిపోయింది. అంతా పాడుచేశాను.

పొద్దున్నే లేచి స్నానం చేశాను. దేవుడికి పూలు కావాలి కదా. మనూళ్ళో రోజూ తెల్లారగట్ల నాలుగిళ్ళ ప్రహరీల పక్కన తిరిగి పూలు కోసుకురావడం అలవాటే, ఎవరూ ఏమనరు. రోడ్డు మీదికి వంగిన పువ్వు దేవుడిది. దోహాలో ఆ భాగ్యం లేక ప్లాస్టిక్ దండ వేస్తున్నాను. ఇక్కడ రోడ్డు పక్కన, ఒక రాతిగోడ కింద, పసుప్పచ్చ పూలు. డాఫోడిల్ అంటారట. కంచె లేదు, గేటు లేదు. పొలంలోనే అందరూ నడవొచ్చు కదా, రోడ్డు పక్క పువ్వుకేమిటి! కండువా నిండా కోశాను. స్వామివారి మెడ దాకా పూలే. ధగధగా మెరిసిపోయాడు. ఎంత తృప్తో.

కాఫీ తాగుతుంటే తలుపు చప్పుడు. తెల్లజుట్టు ముసలామె, చేతికర్ర. పక్కింటి మిసెస్ హార్పర్. ఆ పూలు ఆమెవి. శనివారం ఊళ్ళో పూల పోటీ ఉందట, దాని కోసం శీతాకాలమంతా చూసుకున్నవట. వసు మెట్ల మీద నిలబడి వింటోంది.

ప్రభాకర్ తొణక్కుండా ఇంగ్లీషులో చెప్పేశాడు — నేనే కోశానండీ, ఇంటికి అతిథులు వచ్చారని, క్షమించండి. ఆమె వింతగా చూసి వెళ్ళిపోయింది.

తలుపు వేశాడో లేదో వసు కిందికి దిగింది.

"మీరు కొయ్యలేదు కదా. అబద్ధమెందుకు చెప్పారు?"

"పెద్దమనిషి... ఆయన మాట పడుడు ఎందుకని."

"పెద్దమనిషే. అందుకే చేసిన పని ఆయనే చెప్పుకోగలడు. మీరు అడ్డం నిలబడక్కర్లేదు."

ప్రభాకర్ చెవులు ఎర్రబడ్డాయి. లలితమ్మ బిస్కెట్ల డబ్బా మూత పెడుతూ తీస్తూ ఉంది. నా గుప్పెడు పూల కోసం దాని బతుకు... ఇంతదూరం వచ్చి...

"నాన్నా, చెప్పులేసుకో."

వెళ్ళాం. ప్రభాకర్ కూడా వెనకే వచ్చాడు, పిలవకపోయినా. ముసలామె ముందు చేతులు జోడించాను. "మేడం. ఫ్లవర్స్ — ఐ కట్. సారీ." ప్రభాకర్ కూడా అన్నాడు, ఇందాక నేను చెప్పింది నిజం కాదు అని. ఆమె మా ముగ్గుర్నీ కళ్ళజోడు పైనుంచి చూసింది. ఎందుకు కోశావని అడిగింది. వసు చెప్పింది, దేవుడికి అని.

"ఏ దేవుడు? నేను చూడొచ్చా?"

వచ్చింది! కర్ర ఆనించుకుని స్వామివారి ముందు కుర్చీలో కూర్చుంది. చాలాసేపు చూసింది. వసు నాకు తెలుగులో చెబుతూ పోయింది — ఆమె ఏమంటోందంటే నాన్నా, ఎదురింటి ఆవిడ ఎన్నాళ్ళుగానో రెండో బహుమతితో సరిపెట్టుకుంటోందట, ఈసారి మొదటిది ఆవిడకే పోనీ అంటోంది. ఇంకోసారి అడిగి కొయ్యి, వెనక పెరట్లో ఇంకా ఉన్నాయి అంటోంది.

ఏ తల్లి కన్న బిడ్డో! కాళ్ళకి మొక్కుదామంటే వసు చెయ్యి పట్టుకుని ఆపింది.

అక్కడితో లేచి వెళ్ళిపోయినా బాగుండేది. నా వైపు తిరిగి అడిగింది — ఈయన్ని నువ్వు ఏం కోరుకుంటావు? అంత ఇంగ్లీషు నాకు అర్థమవుతుంది. మూడు రోజులుగా తెలుగులో నొక్కిపెట్టిందంతా ఇంగ్లీషులో తన్నుకొచ్చేసింది.

"మై డాటర్. గుడ్ హజ్బెండ్. ప్లీజ్."

ఆ ప్లీజ్ ఎవరితో అన్నానో నాకే తెలియదు. స్వామితోనా, ముసలామెతోనా.

మిసెస్ హార్పర్ వసుని చూసింది, ప్రభాకర్ని చూసింది. "ఆ..." అంది. కర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

వసు వెనక తలుపు తీసుకుని పొలాల్లోకి వెళ్ళిపోయింది. వాన మొదలైంది. ప్రభాకర్ నా ముందు నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలి కూడా.

"ఆమె బూట్లు ఏసుకోలే" అన్నాడు. వసు రబ్బరు బూట్లు చంకలో పెట్టుకుని పరుగెత్తాడు. తన కాళ్ళకి ఇంట్లో వేసుకునే మెత్తటి స్లిప్పర్లు!

అదే రోజు, సాయంత్రం

టీ రెండుసార్లు చల్లారింది. లలితమ్మ రెండుసార్లు వేడి చేసింది. "నా తమ్మునికి మాట్లాడుడు రాదు మామయ్యా, చిన్నప్పటి సంది గంతే. వచ్చి వచ్చి అబద్ధమే నేర్చుకున్నడు, అదిగూడ ఈ పొద్దే" అని కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తనే నవ్వింది.

వచ్చారు. ఇద్దరికీ మోకాళ్ళ దాకా బురద. బూట్లు ఇంకా అతని చంకలోనే ఉన్నాయి! అతని కాళ్ళకి ఒక్క స్లిప్పరే మిగిలింది.

"ఒక గొర్రె ఈనుతుంటే చూశాం నాన్నా" అంది వసు. అంతే. కళ్ళు మాత్రం కడిగినట్టు మెరుస్తున్నాయి.

"రేపటి రైలు టైము అడగనా అమ్మా?" మాట ఇచ్చాను కదా, మాట తప్పాను కదా.

"ఎందుకు? ఇంకా మూడు రోజులున్నాయిగా."

నేను గదిలోకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. సంతోషానికే. ఈ వయసులో ఇంత నీరు ఎక్కణ్ణుంచి వస్తుందో.

ఏప్రిల్ 16

పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో బకెట్. నిండా పూలు. పెరట్లోవి.

ఏప్రిల్ 17

అడవి లాంటి చోటికి తీసుకెళ్ళాడు. చెట్ల కింద నేలంతా చిన్న చిన్న తెల్లపూలు. ఒక్కటీ ముట్టుకోలేదు! చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను. ప్రభాకర్ చూసి "కొన్ని తెంపుకోవచ్చు, ఏం కాదు" అన్నాడు. వద్దు బాబూ, దేవుడికి ఇక్కడే పూజ అయిపోయింది అన్నాను.

వసు, అతనూ వెనకబడ్డారు. లలితమ్మా నేనూ వేగంగా నడిచాం. మోకాలు నొప్పి. పట్టించుకోలేదు.

గాలిలో వాళ్ళ మాట ఒకటి వినబడింది. వసు గొంతు — "మీరు అన్నిటికీ సరే అంటే నాకు భయం." అతను ఏమన్నాడో గాలి తీసుకుపోయింది.

ఏప్రిల్ 19. దోహా

దిగాం. విమానం తలుపు తీయగానే వేడిగాలి మొహం మీద. ఫరీజ్ బిన్ మహమూద్‌లో మన వీధి, మన బకాలా కిరాణా కొట్టు, మన మెట్లు. బకాలాలో మలయాళీ పెద్దాయన "కైసా థా బాబా?" అన్నాడు. "అచ్ఛా!" అన్నాను. ఇంకా ఏదో చెప్పాలని చేతులు రెండూ చాచి ఊరుకున్నాను. ఆ పచ్చదనం హిందీలో ఎలా చెప్పాలి?

వసు బూట్లకి అంటిన మట్టి దులపలేదు. అలాగే బాల్కనీలో పెట్టింది.

ఏప్రిల్ 23

ఫోన్. ప్రభాకర్. వసు ఫోను గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. తీగ తలుపు కింద నుంచి పాములా పోయింది. తీగ తొక్కుతానేమోనని నేను ఆ వైపే పోలేదు.

ఏప్రిల్ 24

మళ్ళీ ఫోన్!

ఏప్రిల్ 25

ఫోన్ లేదు. అన్నం సహించలేదు.

ఏప్రిల్ 26

అతనికి ఆస్పత్రిలో డ్యూటీ అంట. ఆ మాట ముందే చెబితే ఏం పోయింది!

ఏప్రిల్ 28. బక్రీదు

ఊరంతా సెలవు. వసు ఇంట్లోనే. లలితమ్మ వాళ్ళూ మేమూ కలిసి భోజనం. పప్పు, వంకాయ. మాంసం వండబోతే వసు వద్దంది — "ఈ నెల నా వల్ల కాదక్కా, మొహాలు గుర్తొస్తున్నాయి." లలితమ్మ మొగుడు రాజేందర్ పడీపడీ నవ్వాడు. "గొర్ల సంగతి సరే, మా బామ్మర్ది మొహం గుర్తొస్తలేదా?" వసు నీళ్ళ గ్లాసు ఆయన ముందు కాస్త గట్టిగానే పెట్టింది. కోపం కాదు అది. ముప్పయ్యేళ్ళు బస్సెడు కోపాలు చూసిన కండక్టర్ని, నాకు తెలియదా.

ఏం ఇచ్చాడు దేవుడు నాకు! పెద్ద చదువులేనివాణ్ణి, చిల్లర లెక్కపెట్టుకుని బతికినవాణ్ణి, నన్ను ఇలాంటి మనుషుల మధ్య కూర్చోబెట్టాడు.

మే 3

వసు చెప్పింది. నేను అడగలేదు. తనే వచ్చి, బట్టలు మడతపెడుతూ.

"పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు నాన్నా."

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"అవునని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. పచ్చిక, చల్లగాలి, సెలవులు. అక్కడ ఎవరైనా మంచివాళ్ళలాగే కనిపిస్తారు, నాతో సహా. జూన్లో ఇక్కడికి రమ్మన్నాను. ఈ ఎండలో, ఈ ఉక్కలో, నేను డ్యూటీ నుంచి చిరాకుగా వచ్చినప్పుడు ఎలా ఉంటాడో చూడాలి. నేనెలా ఉంటానో అతనూ చూడాలి."

"జూన్లోనా! కరిగిపోతాడే తల్లీ ఆ పలచటి మనిషి!"

"చూద్దాం."

"వస్తానన్నాడా?"

"సెలవు అడుగుతానన్నాడు."

మడతపెట్టిన బట్టల్లో నీలం చీర ఉంది. నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది, బీరువాలో పెట్టమని.

మే 5

లలితమ్మకి చెప్పాను. మెట్ల మీదే కూర్చుండిపోయింది. "జూన్లనా? ఖతం. వానికి ఎండ పడదు మామయ్యా, ముక్కుకెల్లి రక్తం కారుతది." మరి పడుకోవడం వాళ్ళింట్లో, భోజనం మన ఇంట్లో అని తేల్చుకున్నాం. మజ్జిగ, పెసరకట్టు, నిమ్మరసం... సెలవు సంగతి ఇంకా తెలియదు.

మే 9

సెలవు సంగతి తెలియలేదు. బయట ఇప్పుడే నిప్పులు.

మన హాల్లో ఏసీ మూలుగుతోంది. నీళ్ళు కారుతున్నాయి, చల్లదనం మాత్రం రావడం లేదు. మెకానిక్‌ని పిలుస్తానన్నాను. వసు చెయ్యి అడ్డం పెట్టింది.

"దాని జోలికి వెళ్ళకు నాన్నా. జూన్ దాకా అలాగే ఉండనీ."

నవ్వుతోందో, నిజంగానే అందో... డ్యూటీకి వెళ్ళిపోయింది.

మెకానిక్ షాపు రెండు సందుల అవతలే. ఇందాకటి నుంచి చెప్పులు వేసుకుంటున్నాను, విప్పుతున్నాను.